గొడవల సమయంలో థాయ్‌లాండ్ నుంచి వీసా రన్: తరచుగా అడిగే ప్రశ్నలు

థాయ్‌లాండ్‌లో ఉంటున్నారు, పాస్‌పోర్టులో గడువు దగ్గర పడుతోంది. టీవీ పెడితే సరిహద్దులో ఫిరంగులో, బ్యాంకాక్ రోడ్ల మీద నిరసనలో కనిపిస్తున్నాయి. అలాంటప్పుడు అందరూ అడిగే ప్రశ్నలివి. భారత పాస్‌పోర్టు ఉన్నవాళ్లను దృష్టిలో పెట్టుకుని రాశాను. నిబంధనలు తరచుగా మారుతుంటాయి, కాబట్టి బయల్దేరే రోజు ఇమిగ్రేషన్ వాళ్ల అధికారిక ప్రకటన ఒకసారి చూసుకోండి.

వీసా రన్ చట్టవిరుద్ధమా?

సరిహద్దు దాటి పక్క దేశంలో అడుగుపెట్టి, తిరిగొచ్చి కొత్త గడువు వేయించుకోవడమే వీసా రన్. దాటడం, తిరిగి రావడం నేరమేమీ కాదు. కానీ మిమ్మల్ని లోపలికి రానివ్వాలా వద్దా అన్నది కౌంటర్లో కూర్చున్న అధికారి ఇష్టం. ఖర్చులకు డబ్బు లేదనిపించినా, పర్యాటకుడిగా వచ్చి ఇక్కడ పని చేస్తున్నాడని అనుమానం వచ్చినా వెనక్కి పంపే అధికారం 1979 నాటి ఇమిగ్రేషన్ చట్టం 12వ సెక్షన్ ఇచ్చింది.

వీసా రన్ మీద అక్కడి ప్రభుత్వం అప్పుడప్పుడూ కొరడా ఝళిపిస్తూనే ఉంటుంది. 2014లో వరసగా రన్‌లు చేసేవాళ్లను బోర్డర్ల దగ్గర ఆపడం మొదలుపెట్టారు. వీసా మినహాయింపు (ముందుగా వీసా తీసుకోకుండా రావడం) మీద రోడ్డు మార్గంలో ఏడాదికి రెండుసార్లే రావచ్చన్న నిబంధన 2016 డిసెంబర్ 31 నుంచి వచ్చింది. సరైన కారణం లేకుండా రెండుసార్లకు మించి వీసా రన్ చేసినవాళ్లను రానివ్వబోమని 2025 నవంబర్‌లో ఇమిగ్రేషన్ బ్యూరో మళ్లీ గట్టిగా చెప్పింది. మీ పాస్‌పోర్టులో ఇప్పటికే రెండు మూడు రన్‌ల స్టాంపులుంటే, గొడవలున్నా లేకపోయినా మీకు బోర్డర్ కష్టమే.

నా గడువు సరిగ్గా ఎప్పటిదాకా?

వచ్చిన తేదీకి 60 కలిపి వేళ్ల మీద లెక్కపెట్టకండి. పాస్‌పోర్టు తెరిచి స్టాంపు చూడండి. 'అడ్మిటెడ్' అన్న మాట ఉన్న తేదీ మీరు అడుగుపెట్టిన రోజు. 'అన్‌టిల్' పక్కన ఉన్నది మీరు ఉండగలిగే చివరి రోజు. వచ్చిన రోజును కూడా ఒక రోజుగానే లెక్కిస్తారు, చాలామంది ఆ ఒక్క రోజు దగ్గరే బోల్తా పడతారు. రాత్రి 11 గంటలకు దిగినా ఆ రోజు లెక్కలోకి వచ్చినట్లే. హడావుడిలో తప్పు తేదీ కొట్టిన సందర్భాలూ ఉంటాయి, అందుకే కౌంటర్ వదలక ముందే చూసుకోవడం మేలు.

భారతీయులకు 2024 జూలై 15 నుంచి వీసా లేకుండా 60 రోజులు ఇస్తూ వచ్చారు. దాన్ని తగ్గించాలన్న చర్చ థాయ్ ప్రభుత్వంలో చాలాకాలంగా నడుస్తూ వచ్చింది. స్నేహితుడికి 60 రోజులు ఇచ్చారు కదా అని మీకూ అంతే అనుకోవద్దు. మీ స్టాంపు మీద ఏ తేదీ ఉంటే అదే లెక్క.

గొడవలు జరుగుతున్నాయి. బోర్డర్‌కు ఇప్పుడే వెళ్లిపోవాలా, ఆగాలా?

రెండూ కాదు. ముందు మీ ఊళ్లోని ఇమిగ్రేషన్ ఆఫీసుకు వెళ్లండి.

వీసా మినహాయింపు మీద వచ్చినవాళ్లకైనా, టూరిస్ట్ వీసా మీద వచ్చినవాళ్లకైనా 1,900 బాత్ కడితే సాధారణంగా 30 రోజుల ఎక్స్‌టెన్షన్ ఇస్తారు. టీఎం 7 అనే ఫారం, ఒక ఫొటో, పాస్‌పోర్టు కాపీలు, మీరు ఎక్కడ ఉంటున్నారో ఇంటి ఓనరో హోటలో తెలియజేసిన టీఎం 30 రసీదు ఉంటే చాలు. కాదన్నా కూడా మామూలుగా దేశం వదలడానికి 7 రోజులు ఇస్తారు, దానికీ అదే ఫీజు. వ్యాన్ టికెట్టు, పక్క దేశం వీసా ఫీజు, రాత్రి అక్కడే ఇరుక్కుంటే గది అద్దె అన్నీ కలిపి చూడండి, వాటి ముందు 1,900 బాత్ చాలా తక్కువ. అయినా ఇంత తేలిక దారి పక్కన పెట్టి, తెల్లారగట్ల మూడింటికి వ్యాన్ ఎక్కి బోర్డర్‌కు పరిగెత్తేవాళ్లు బోలెడంత మంది. ఎందుకో నాకు ఎప్పుడూ అర్థం కాదు.

ఉద్రిక్తతలు ఉన్నప్పుడు ఆ 30 రోజులకు ఇంకా విలువ పెరుగుతుంది. ఈ వారం మూసిన గేటు వచ్చే నెల తెరుచుకోవచ్చు, తెరుచుకోకపోనూవచ్చు. ఈలోపు మీరు చట్టప్రకారమే ఉన్నారు, తాపీగా విమాన టికెట్ చూసుకోవచ్చు. ఒకటే జాగ్రత్త: గడువు ముగియడానికి వారం పది రోజుల ముందే వెళ్లండి. చివరి రోజు వెళ్తే అది సెలవు దినం అవ్వొచ్చు, ఆఫీసు ముందు నిరసన ఉండొచ్చు, లేదా మీలాగే భయపడి వచ్చిన వందల మంది వరసలో ఉండొచ్చు.

కంబోడియా వైపు వెళ్లొచ్చా? ఒకప్పుడు అందరూ అటే వెళ్లేవారు కదా?

అవును, అటే వెళ్లేవారు. బ్యాంకాక్ నుంచి అరన్యప్రథేట్, పట్టాయా నుంచి చాంథబురిలోని బన్ లేమ్, త్రాట్ దాటాక హాట్ లెక్. వీసా రన్ వ్యాన్లకు రోజూ పని కల్పించిన గేట్లివి. 2025 తర్వాత వీటిని లెక్కలోంచి తీసేయండి.

జరిగింది టూకీగా ఇది. 2025 మే 28న సరిహద్దులో కాల్పుల్లో ఒక కంబోడియా సైనికుడు చనిపోయాడు. జూన్ మొదటి వారంలో థాయ్ సైన్యం గేట్ల పని వేళలు తగ్గించింది. జూన్ చివరి వారంలో పర్యాటకులతో సహా దాదాపు అందరికీ దాటడం ఆపేసింది. జూలై 24న పూర్తి స్థాయి పోరు మొదలైంది, ఫిరంగులు, రాకెట్లు, యుద్ధ విమానాలు అన్నీ దిగాయి. జూలై 28న మలేషియాలో కాల్పుల విరమణ కుదిరింది. అక్టోబర్ 26న కౌలాలంపూర్‌లో ట్రంప్ సమక్షంలో సంతకాలయ్యాయి. నవంబర్‌లో మందుపాతర పేలి థాయ్ సైనికులు గాయపడటంతో ఆ ఒప్పందాన్ని పక్కన పెట్టారు. డిసెంబర్‌లో మళ్లీ యుద్ధం, నెలాఖరులో మళ్లీ విరమణ.

ఇందులో వీసా రన్ చేసేవాళ్లు గమనించాల్సింది ఒకటుంది. గేటు ఒక్కసారిగా మూతపడలేదు. ముందు వేళలు తగ్గాయి, తర్వాత కొందరినే రానిచ్చారు, ఆ తర్వాత తాళం పడింది. పూర్తి స్థాయి పోరు మొదలయ్యేసరికి గేట్లు మూసి నెల రోజులైంది. 'ఈ రోజు నుంచి సాయంత్రం 4 గంటలకే మూసేస్తారట' అన్న వార్త వినిపించిందంటే, అది మీకు అందిన మొదటి హెచ్చరిక అనుకోండి. మధ్యాహ్నంలోగా దాటేసి వచ్చేద్దాం అని బయల్దేరే వార్త మాత్రం కాదు. రెండో సంగతి, సంతకాలు అయినంత మాత్రాన గేట్లు తెరుచుకోవు. ఫొటోలో నాయకులు చేతులు కలిపారని వ్యాన్ బుక్ చేసుకోకండి.

ఈ రెండు దేశాల మధ్య ఇది కొత్తా కాదు. 2003 జనవరి 29న ఫ్నోమ్ పెన్‌లో అల్లరి మూకలు థాయ్ రాయబార కార్యాలయాన్ని తగలబెట్టినప్పుడు కూడా బోర్డర్ మూసేశారు. సరిహద్దులోని ప్రేహ్ విహియర్ గుడి చుట్టూ 2008 నుంచి 2011 దాకా కాల్పులు జరిగాయి.

మరి ఏ బోర్డర్ నయం?

లావోస్. ఎక్కువమందికి నేను చెప్పేది నోంగ్ ఖాయ్ దగ్గరి మొదటి స్నేహ వారధి. 1994లో మెకాంగ్ మీద కట్టింది. థాయ్ వైపు ఎగ్జిట్ స్టాంపు వేయించుకుని, వంతెన దాటించే షటిల్ బస్సెక్కి, అవతల లావో వీసా ఆన్ అరైవల్ (గేటు దగ్గరే ఇచ్చే వీసా) తీసుకుంటే లావోస్ రాజధాని వియంటియాన్ అరగంట దూరం. భారతీయులకు ఆన్ అరైవల్ ఇస్తారు, సుమారు 40 డాలర్లు అవుతుంది. డాలర్ నోట్లు కొత్తవిలా ఉండాలి. చిరుగు, మరక, పెన్ను గీత ఉన్న నోటు చూస్తే కౌంటర్లో తల అడ్డంగా ఊపేస్తారు. బాత్‌లో కట్టొచ్చు గానీ మారకం మీకు నష్టం. ముక్దాహాన్ - సవన్నఖేత్ వంతెన కూడా ఉంది, ఈశాన్యంలో ఉండేవాళ్లకు అది అనుకూలం.

దక్షిణాన ఉండేవాళ్లకు మలేషియా. సదావ్, పడాంగ్ బెసార్ రెండూ సోంగ్‌ఖ్లా రాష్ట్రంలోనివే. 2023 డిసెంబర్ 1 నుంచి భారతీయులకు మలేషియా 30 రోజులు వీసా లేకుండా ఇస్తోంది, ఆన్‌లైన్‌లో డిజిటల్ అరైవల్ కార్డు నింపాలి. అదే దక్షిణాన సుంగై కోలోక్ గేటు మాత్రం వద్దు. అది నరాథివాట్‌లో ఉంది. పట్టాని, యాలా, నరాథివాట్ రాష్ట్రాల్లో 2004 నుంచి వేర్పాటువాద హింస నడుస్తోంది, బాంబులు రోడ్ల పక్కనే పేలతాయి. బ్యాంకాక్ వార్తల్లో అంతగా కనిపించదు కాబట్టి కొత్తవాళ్లకు తెలియదు.

మయన్మార్ వైపు 2021 ఫిబ్రవరి 1 నాటి సైనిక తిరుగుబాటు తర్వాత వీసా రన్ అన్న ఆలోచనే పెట్టుకోవద్దు. 2024 ఏప్రిల్‌లో థాయ్ సరిహద్దు పట్టణం మే సోట్ ఎదురుగా ఉన్న మ్యావడ్డీలో పోరు జరిగినప్పుడు జనం మోయి నది దాటి థాయ్ వైపు పరిగెత్తుకొచ్చారు.

మే సోట్ దగ్గర వీసా రన్ చేయిస్తాం, అక్కడే ఉద్యోగం కూడా ఉంది అంటున్నారు. వెళ్లనా?

వద్దు. వెళ్లకండి.

ఇది వీసా రన్ కాదు, మనుషుల్ని అమ్మే దందా. బ్యాంకాక్‌లో దించి, 'డేటా ఎంట్రీ' అని చెప్పి, మే సోట్ దాకా కారులో తీసుకెళ్లి, చీకట్లో మోయి నది దాటిస్తారు. అవతల ఉండేవి కేకే పార్క్ లాంటి సైబర్ మోసాల కేంద్రాలు. మన తెలుగు పిల్లలు కూడా అక్కడ చిక్కుకుని నరకం చూశారు. 2025 మార్చిలో, మళ్లీ నవంబర్‌లో భారత వాయుసేన విమానాలు మే సోట్ నుంచి వందల మందిని వెనక్కి తెచ్చాయి. నది దాటినవాళ్ల పాస్‌పోర్టులో థాయ్ ఎగ్జిట్ స్టాంపు ఉండదు, మయన్మార్ ఎంట్రీ స్టాంపు ఉండదు. బయటపడినా ముందు థాయ్ ఇమిగ్రేషన్ కేసు ఎదుర్కోవాలి. అధికారిక గేటు, కౌంటర్, స్టాంపు లేకుండా ఎవరు ఎటు దాటిస్తామన్నా అక్కడే దిగిపోండి, సామాన్లు పోతే పోయాయి.

నేను అవతలికి దాటాక వెనక గేటు మూసేస్తే?

గొడవల సమయంలో అసలు భయం ఇదే. థాయ్ ఎగ్జిట్ స్టాంపు పడిన క్షణం నుంచి మీ పాత గడువు పోయినట్లే. తిరిగి రానివ్వకపోతే ముందు నుయ్యి, వెనక గొయ్యి.

రెండు రకాలుగా ఇరుక్కోవచ్చు. ఒకటి, గేటే మూసేయడం. అప్పుడు పక్క దేశం వీసా మీ చేతిలో ఉంది కాబట్టి కంగారు పడాల్సిన పని లేదు. దగ్గరి విమానాశ్రయానికి వెళ్లి విమానంలో రండి. 2025లో రోడ్డు గేట్లన్నీ మూసినా బ్యాంకాక్ - ఫ్నోమ్ పెన్ విమానాలు తిరిగాయి. వియంటియాన్‌కూ అంతర్జాతీయ విమానాశ్రయం ఉంది. రెండోది ఇంకా చికాకు. గేటు తెరిచే ఉంటుంది, లావో వాళ్లు ఎగ్జిట్ స్టాంపు కొట్టేస్తారు, థాయ్ అధికారి మాత్రం రానివ్వనంటాడు. మీ లావో వీసా సింగిల్ ఎంట్రీ, అది వాడేశారు. వెనక్కి వెళ్లడానికి మళ్లీ ఆన్ అరైవల్ తీసుకోవాలి. అందుకే రెండు వీసాలకు సరిపడా డాలర్లు, రెండు జతల ఫొటోలు, పాస్‌పోర్టులో కనీసం మూడు నాలుగు ఖాళీ పేజీలు ఉంచుకోమని చెప్తాను. చాలామంది ఒక్క వీసాకే డబ్బు తెచ్చుకుని, వంతెన మీద నిలబడి ఇంటికి ఫోన్లు చేస్తుంటారు.

ఒక్క పూట ప్రయాణమే కదా అని ఒట్టి చేతులతో వెళ్లకండి. రోజూ వేసుకునే మందులు వారానికి సరిపడా, ఫోన్ చార్జర్, రెండు జతల బట్టలు, పక్క దేశంలో పనిచేసే బ్యాంకు కార్డు దగ్గర ఉండాలి. ఓటీపీలు వచ్చే సిమ్ ఇంట్లో వదిలేసి వెళ్తే విమాన టికెట్ కూడా కొనలేరు.

బోర్డర్ ప్రశాంతంగానే ఉంది, బ్యాంకాక్‌లోనే నిరసనలు. అప్పుడేం చేయాలి?

అప్పుడు సమస్య ఇల్లు దాటి బయటపడటంలో ఉంటుంది. 2014 జనవరి 13న 'బ్యాంకాక్ షట్‌డౌన్' మొదలైనప్పుడు ప్రధాన కూడళ్లు దిగ్బంధించారు. ఇమిగ్రేషన్ ఆఫీసు ఉన్న ఛేంగ్ వత్తన ప్రభుత్వ ప్రాంగణం కూడా నిరసనకారుల చేతుల్లోకి వెళ్లింది, పనులను నగరంలో వేరే చోట్లకు మార్చాల్సి వచ్చింది. 2010లో అయితే రాచప్రసోంగ్ కూడలి వారాల తరబడి ఎర్ర చొక్కాల నిరసనకారుల శిబిరం. మే 19న సైన్యం ఖాళీ చేయించాక భవనాలు తగలబడ్డాయి, కర్ఫ్యూ పెట్టారు.

నగరం దాటాలంటే రాత్రి బస్సు కంటే పగటి రైలు మేలు, రోడ్డు దిగ్బంధాల బెడద తక్కువ. వీలైతే ముందు రోజే నోంగ్ ఖాయ్ చేరి, పొద్దున్నే వంతెన దాటండి. ఆ గేటు మామూలు రోజుల్లో ఉదయం 6 నుంచి రాత్రి 10 దాకా ఉంటుంది. ఇక్కడ రాజకీయ వర్గాలను రంగులతో పిలుస్తారు; ఎర్రవాళ్లు, పసుపువాళ్లు, నారింజవాళ్లు అంటూ ఎవరి సభలోనూ తొంగిచూడకండి. విదేశీయుడు నిరసనలో కనిపిస్తే వీసా మీదికి వస్తుంది. ఆ రోజుల్లో ఏ పార్టీ రంగు చొక్కా వేసుకోకపోవడమూ తెలివైన పనే.

కర్ఫ్యూ, మార్షల్ లా (సైనిక చట్టం) ఉంటే వ్యాన్లు తిరుగుతాయా?

తిరుగుతాయి, కానీ వేళలు మారతాయి. 2014 మే 22 సైనిక తిరుగుబాటు తర్వాత దేశమంతా రాత్రి 10 నుంచి తెల్లవారి 5 దాకా కర్ఫ్యూ పెట్టారు. అర్ధరాత్రి బయల్దేరే వీసా రన్ వ్యాన్లకు అది దెబ్బ. ఆ జూన్‌లోనే ఇంకో వింత జరిగింది. వలస కార్మికుల మీద దాడులు చేస్తారన్న పుకారుతో రెండు లక్షలకు పైగా కంబోడియా కూలీలు అరన్యప్రథేట్ ఎదురుగా ఉన్న పోయిపెట్ మీదుగా ఇళ్లకు పారిపోయారు. లారీల నిండా జనం, గేటు దగ్గర ఇసుక వేస్తే రాలనంత రద్దీ. గొడవ బ్యాంకాక్‌లో, ఇక్కట్లు మాత్రం బోర్డర్‌లో.

2025 జూలైలో చాంథబురి, త్రాట్‌లోని కొన్ని జిల్లాల్లో మార్షల్ లా పెట్టారు. అలాంటి చోట చెక్‌పోస్టులో సైనికుడికి పాస్‌పోర్టు ఒరిజినల్ చూపించాలి, ఫోన్‌లో ఫొటో చాలదు. సైనికుల్ని, బంకర్లను, గేట్లను ఫొటోలు తీయకండి. ఆ జూలై చివర్లో దేశమంతా డ్రోన్లు ఎగరేయడం నిషేధించారు కూడా.

గడువు దాటిపోతే జరిమానా ఎంత? బోర్డర్ మూసేశారు కదా, మాఫీ చేయరా?

రోజుకు 500 బాత్, గరిష్ఠం 20,000. మాఫీ మీద ఆశ పెట్టుకోవద్దు. ఒక గేటు మూసినా విమానాశ్రయం, మిగతా గేట్లు తెరిచే ఉన్నాయి కదా అంటారు, వాళ్లన్నదీ నిజమే. జరిమానా కంటే నిషేధం ప్రమాదం. 2016 మార్చి 20 నుంచి, 90 రోజులు దాటాక మీరే వెళ్లి లొంగిపోతే ఏడాది రాకుండా నిషేధం. ఏడాది దాటితే మూడేళ్లు. అదే పోలీసులకు పట్టుబడితే, గడువు దాటింది ఒక్క రోజైనా సరే అయిదేళ్లు. గొడవల సమయంలో చెక్‌పోస్టులు ఎక్కువ, అంటే పట్టుబడే అవకాశమూ ఎక్కువే. గడువు దాటిన పాస్‌పోర్టుతో రోడ్డు మీద బోర్డర్‌కు బయల్దేరడం కంటే నేరుగా విమానాశ్రయానికి వెళ్లి జరిమానా కట్టి వెళ్లిపోవడమే నయం.

'మీరు రానక్కర్లేదు, పాస్‌పోర్టు ఇవ్వండి, స్టాంపు కొట్టించుకొస్తాం' అంటున్నాడు ఏజెంటు.

పాస్‌పోర్టు ఇవ్వకండి. మీరు కదలకుండా పడిన స్టాంపు కంప్యూటర్లో ఉండదు, ఉన్నా దొంగదే. దొరికితే అది ఫోర్జరీ కేసు. బోర్డర్లు మూసిన వారాల్లోనే ఈ బాపతు ఏజెంట్లు పుట్టగొడుగుల్లా లేస్తారు.

కౌంటర్ దగ్గర ఏమేం అడుగుతారు?

ఎక్కడ ఉంటున్నారు, ఎన్నాళ్లు, తిరుగు టికెట్ ఏది, డబ్బు ఎంత ఉంది. 20,000 బాత్ నగదుగా చూపించగలిగితే డబ్బు ప్రశ్న అక్కడితో ఆగుతుంది. కార్డు చూపిస్తే ఒప్పుకోని అధికారులున్నారు. 2025 మే 1 నుంచి రోడ్డు మార్గంలో వచ్చేవాళ్లు కూడా థాయ్ డిజిటల్ అరైవల్ కార్డు నింపాలి. రావడానికి మూడు రోజుల ముందు నుంచి నింపొచ్చు, పూర్తిగా ఉచితం. డబ్బులడిగే వెబ్‌సైట్ కనిపిస్తే అది నకిలీ. పాస్‌పోర్టుకు ఆరు నెలల చెల్లుబాటు ఉండాలని వేరే చెప్పక్కర్లేదు.

నాది ఉద్యోగ వీసా లేదా చదువు వీసా. ఊరికే వెళ్లొస్తే ఏమవుతుంది?

రీ-ఎంట్రీ పర్మిట్ (తిరిగి రావడానికి ముందే తీసుకునే అనుమతి) లేకుండా బయటకు అడుగు పెడితే మీ పర్మిషన్ అక్కడికక్కడే రద్దవుతుంది. ఒక్కసారికి 1,000 బాత్, ఎన్నిసార్లయినా వాడేదానికి 3,800. గొడవలకు భయపడి దేశం వదిలి వెళ్లేవాళ్లు ఎక్కువగా మర్చిపోయేది ఇదే. సూట్‌కేసు సర్దే ముందు ఇది చూసుకోండి.

బోర్డర్ గోల లేకుండా విమానంలోనే వెళ్లొస్తే సరిపోదా?

చాలాసార్లు అదే మంచిది. అయితే విమానాశ్రయమూ శాశ్వతమేమీ కాదు. 2008 నవంబర్ చివర్లో పసుపు చొక్కాల నిరసనకారులు బ్యాంకాక్ విమానాశ్రయాలు సువర్ణభూమి, డాన్ మువాంగ్ రెండింటినీ ఆక్రమిస్తే దాదాపు వారంపాటు లక్షలాది మంది ఇరుక్కుపోయారు. అప్పుడు రోడ్డు బోర్డర్లే దిక్కయ్యాయి. అందుకే ఒక విమాన దారి, ఒక రోడ్డు దారి రెండూ తెలిసి ఉండాలి.

ప్రయాణ బీమా వర్తిస్తుందా?

చాలా పాలసీల్లో యుద్ధం, అంతర్గత అల్లర్ల వల్ల కలిగే నష్టం ఉండదు. ప్రభుత్వం వెళ్లొద్దని చెప్పిన ప్రాంతానికి వెళ్తే మిగతా క్లెయిములకూ చిక్కే. 2025 జూలైలో బ్యాంకాక్‌లోని భారత రాయబార కార్యాలయం ఉబోన్ రాచథాని, సురిన్, సిసాకేట్, బురిరామ్, స కేవ్, చాంథబురి, త్రాట్ రాష్ట్రాల విషయంలో హెచ్చరిక ఇచ్చింది. అరన్యప్రథేట్ ఉన్నది స కేవ్‌లోనే.

రాయబార కార్యాలయం నాకు గడువు పొడిగిస్తుందా?

పొడిగించదు, ఆ అధికారం థాయ్ ఇమిగ్రేషన్‌దే. పాస్‌పోర్టు పోతే అత్యవసర ప్రయాణ పత్రం ఇస్తారు, అవసరమైతే మీ పరిస్థితి వివరిస్తూ లేఖ ఇస్తారు. ఆ లేఖ పట్టుకుని ఇమిగ్రేషన్‌కు మీరే వెళ్లాలి.

ప్రతి రెండు నెలలకూ ఈ టెన్షన్ తప్పించుకునే దారే లేదా?

ఆన్‌లైన్‌లో పని చేసుకుంటూ ఇక్కడ ఉండేవాళ్లకు 2024 జూలైలో మొదలైన డీటీవీ (డెస్టినేషన్ థాయ్‌లాండ్ వీసా) ఉంది. అయిదేళ్ల చెల్లుబాటు, వచ్చిన ప్రతిసారీ 180 రోజులు, ఫీజు సుమారు 10,000 బాత్. ఖాతాలో 5 లక్షల బాత్ చూపించాలి. దరఖాస్తు థాయ్‌లాండ్ బయట ఉండి చేయాలి. చదువుకోవాలనుకుంటే చదువు వీసా, థాయ్ కంపెనీలో ఉద్యోగమైతే ఉద్యోగ వీసా. వీటిలో ఏదీ కుదరదు, అయినా ఏడాదంతా ఇక్కడే ఉండాలంటే మాత్రం బోర్డర్ తెరిచి ఉందా మూసి ఉందా అన్నది రెండో ప్రశ్న. వీసా రన్‌ల మీద ఇన్నాళ్లు ఉండనిస్తారా అన్నదే మొదటిది, దానికి జవాబు ఏటేటా 'లేదు' వైపే జరుగుతోంది.